అడగకుండా బోరు దించే చట్టాలు మనకొద్దు

పొలం గట్టు మీద కొత్త మనిషెవరో మేకు పాతుతూ కనిపిస్తే రైతు నోట వచ్చే మొదటి మాట ఒకటే: "ఎవరు బాబూ మీరు? ఎందుకిది?" మన తాతలు అడిగారు, మనమూ అడుగుతున్నాం. పొలం మనదైనా, కౌలుకు చేస్తున్నదైనా ఆ మాట అడిగే హక్కు ఉందనే ధీమాతో అడుగుతున్నాం. గత ఏడెనిమిదేళ్లుగా ఢిల్లీలో ఒక్కో నోటిఫికేషన్‌తో, ఒక్కో సవరణతో ఆ హక్కుకు కింద నుంచి గోతులు తవ్వుతున్నారు. చమురు, గ్యాస్ తవ్వకాల విషయంలో ఈ పని ఎలా జరిగిందో, కృష్ణా గోదావరి డెల్టా రైతు దీన్ని ఎందుకు పట్టించుకోవాలో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. మనం గ్యాస్‌కు శత్రువులం కాదు. మన ఇళ్లలో వంట గ్యాస్ మీదే. మనం చల్లే యూరియా తయారయ్యేది గ్యాస్ నుంచే. దేశం వాడే ముడిచమురులో నూటికి ఎనభై పాళ్లకు పైగా బయటి నుంచి వస్తోందన్న సంగతీ మనకు తెలుసు. "దేశానికి ఇంధనం వద్దా?" అని మనల్ని ఎదురు ప్రశ్నించే పెద్దలకు సమాధానం ఇదే: ఇంధనం కావాలి. అయితే మా నేల కింద ఏం చేస్తున్నారో మాకు చెప్పి చేయాలి, మా మాట విని చేయాలి, నష్టం జరిగితే బాధ్యత వహించి చేయాలి. ఈ మూడింటినీ తీసేసే చట్టాలనే మనం వ్యతిరేకిస్తున్నాం.

ఫ్రాకింగ్ అంటే ఏమిటి?

మామూలు గ్యాస్ బావిలో రాతిపొరల సందుల్లో పేరుకున్న గ్యాస్ తన ఒత్తిడితో తానే పైకి వస్తుంది. షేల్ అనే బిగుతైన రాయిలో ఉన్న గ్యాస్ అలా రాదు. కిలోమీటర్ల లోతుకు బోరు దించి, అక్కడి నుంచి అడ్డంగా తొలిచి, ఇసుక, రసాయనాలు కలిపిన నీటిని విపరీతమైన ఒత్తిడితో పంపి ఆ రాయిని పగలగొట్టాలి. పగుళ్లు మళ్లీ మూసుకుపోకుండా ఇసుక అడ్డుపడుతుంది. ఆ సందుల్లోంచి గ్యాస్ బయటికి వస్తుంది. దీన్నే ఫ్రాకింగ్ అంటున్నారు.

దీనికి ఎంత నీరు కావాలి? అమెరికా పర్యావరణ సంస్థ 2016లో ఇచ్చిన తుది నివేదిక ప్రకారం అక్కడ ఒక బావికి మధ్యస్థంగా 15 లక్షల గ్యాలన్లు, అంటే దాదాపు 57 లక్షల లీటర్లు వాడారు. ఈ అంకె చెప్పి ఎవరినీ భయపెట్టదలచుకోలేదు. ఎకరం వరికి పంటకాలమంతా కలిపి 48 లక్షల లీటర్ల వరకు పడుతుంది. అంటే ఒక బావి నీళ్లు ఎకరం పైచిలుకు వరికి సరిపోయే నీళ్లు. రైతుకు ఇది పెద్ద లెక్క కాదు. అసలు ప్రశ్న ఆ నీరు ఏమవుతుందన్నది. వరికి పెట్టిన నీరు నేలలో ఇంకుతుంది, ఆవిరవుతుంది, మిగిలింది మురుగు కాలువలో పడి పోతుంది. ఫ్రాకింగ్‌కు పెట్టిన నీటిలో కొంత భాగం వేసిన రసాయనాలతో పాటు లోతు పొరల్లోని ఉప్పును, లోహాలను కలుపుకొని తిరిగి పైకి వస్తుంది. దాన్ని గుంటల్లో నిల్వ చేయాలి, శుద్ధి చేయాలి, లేదా మళ్లీ భూమిలోకి దించాలి. గుంట కట్ట తెగినా, ట్యాంకరు డ్రైవరు రాత్రిపూట దగ్గర్లోని కాలువలో వదిలేసినా అది చేరేది మన చేలోకే. కొన్ని పరిస్థితుల్లో ఫ్రాకింగ్ పనుల వల్ల తాగునీటి వనరులు దెబ్బతినవచ్చని ఆ అమెరికా నివేదికే తేల్చింది.

మన డెల్టాకు ఇంకో చిక్కు ఉంది. తీరప్రాంతంలో మంచినీరు పైన పలుచటి పొరలా నిలుస్తుంది, దాని కింద ఉప్పునీరు ఉంటుంది. చేతిపంపు రెండు బారలు లోతుకు దించితే నీళ్ల రుచి మారిపోయే ఊళ్లు మనకు కొత్తకాదు. పైగా మన మురుగు కాలువల సంగతి అందరికీ తెలిసిందే. పూడిక తీయక, గుర్రపు డెక్క తొలగించక, సార్వా చేలు మునిగి మునిగి విసిగిపోయి 2011లో కోనసీమ రైతులు పంట విరామమే ప్రకటించారు. వాన నీటినే సముద్రానికి చేర్చలేని కాలువల మధ్య రసాయన నీటి గుంటలు పెడతామంటే ఎలా నమ్మాలి?

అడిగే హక్కు ఎలా పోయింది?

2013 అక్టోబరులో కేంద్రం షేల్ గ్యాస్ విధానం ప్రకటించింది. మొదటి విడతలో ఓఎన్‌జీసీకి అనుమతించిన 50 బ్లాకుల్లో 10 మన ఆంధ్రప్రదేశ్‌లోవే. 2018 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఇంకో అడుగు వేసింది. పాత బ్లాకులు చేతిలో ఉన్న కంపెనీలు అదే ప్రాంతంలో షేల్ లాంటి వనరులను కూడా అన్వేషించుకోవచ్చని చెప్పింది. అంటే ఎప్పుడో మామూలు గ్యాస్ కోసం తీసుకున్న బ్లాకులో, ఆ రోజు ఊరికి ఎవరూ చెప్పని పనికి తలుపు తెరిచారు.

2020 జనవరి 16న అసలు దెబ్బ పడింది. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌ను కేంద్ర పర్యావరణ శాఖ సవరించి, చమురు, గ్యాస్ అన్వేషణను బీ2 కేటగిరీలోకి మార్చింది. ఈ సంకేతం వెనక ఉన్న అర్థం ఏమిటంటే, అన్వేషణ బావులకు పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక అక్కర్లేదు, ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. అనుమతి ఇచ్చే పని రాష్ట్ర స్థాయి సంస్థకు వెళ్లింది. దీనికోసం పార్లమెంటులో బిల్లు పెట్టలేదు, ఓటింగూ జరగలేదు. గెజిట్‌లో కొన్ని పేరాలతో పని అయిపోయింది.

"అన్వేషణకే కదా మినహాయింపు, ఉత్పత్తికి వచ్చినప్పుడు మిమ్మల్ని అడుగుతాంగా" అంటారు. పెళ్లి చేసేసి ఆ తరువాత పిల్లను ఇష్టమా అని అడిగినట్టుంది ఈ వాదన. కోట్లు పోసి బావి తవ్వి, రోడ్డు వేసి, గ్యాస్ పడిందని పేపర్లో వేయించుకున్నాక జరిగే సభలో కలెక్టరు గారు మన మాట విని ప్రాజెక్టు ఆపుతారా? పైగా షేల్ విషయంలో అన్వేషణకూ ఉత్పత్తికీ మధ్య అంత దూరం లేదు. రాయిని పగలగొడితే తప్ప అందులోంచి గ్యాస్ ఎంత వస్తుందో తెలియదు. అంటే అన్వేషణ బావిలోనే ఫ్రాకింగ్ చేయాలి. మనం దేని గురించి అడగాలనుకుంటున్నామో ఆ పనే మనల్ని అడగకుండా చేసే దశలోకి జారిపోయింది.

అదే ఏడాది కరోనా లాక్‌డౌన్‌లో జనం ఇళ్లలో ఉండగా, మొత్తం పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌నే మార్చే ముసాయిదా తెచ్చారు. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు ఇచ్చే గడువును 30 రోజుల నుంచి 20 రోజులకు కుదించాలని అందులో ప్రతిపాదించారు. ఆ ముసాయిదాను ఇంగ్లీషు, హిందీలో పెట్టి అభ్యంతరాలు చెప్పమన్నారు. తెలుగు రైతు చదువుకునే భాషలో లేదు. మిగతా భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. దేశమంతటి నుంచి లక్షల సంఖ్యలో అభ్యంతరాలు వెళ్లాయి. తమకు అర్థమయ్యాక జనం ఊరుకోలేదనడానికి ఇదే రుజువు. అర్థం కాకుండా చేయడమే ఈ తొందరకు అసలు కారణం.

శిక్ష పోయింది, జరిమానా మిగిలింది

ఇంతలో తప్పుచేసిన వారికి పడే శిక్షలూ మారిపోయాయి. పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘిస్తే ఐదేళ్ల వరకు జైలు ఉండేది. 2023లో జన విశ్వాస్ చట్టంతో దాన్ని తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానాగా మార్చారు. ఇక నీటి కాలుష్య నివారణ చట్టం సవరణ కథ చూడండి. 2024 ఫిబ్రవరి 5న రాజ్యసభలో బిల్లు పెట్టారు, 6న ఆమోదించారు. 8న లోక్‌సభలోనూ అయిపోయింది. నాలుగు రోజుల్లో పని ముగిసింది. వాగులోకో బావిలోకో విషం వదిలితే ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల వరకు జైలు ఉన్న చోట ఇప్పుడు అదే 10 వేల నుంచి 15 లక్షల జరిమానా. కొన్ని రకాల పరిశ్రమలకు కాలుష్య నియంత్రణ మండలి ముందస్తు సమ్మతి అవసరం లేకుండా మినహాయించే అధికారం కూడా కేంద్రానికి ఇచ్చారు.

2025 మార్చిలో చమురు క్షేత్రాల చట్టం సవరణ పూర్తయింది. షేల్ గ్యాస్, బిగుతు రాళ్లలోని గ్యాస్, బొగ్గుపొరల్లోని మీథేన్ అన్నీ ఖనిజ నూనెల నిర్వచనంలోకి చేరాయి. ఆ చట్టంలో ఉన్న జైలు శిక్ష పోయి 25 లక్షల వరకు జరిమానా వచ్చింది. ఒక్కో రిగ్గుకు రోజుకు లక్షలు ఖర్చు పెట్టే కంపెనీకి 25 లక్షలు ఒక శిక్షా? అది వాళ్ల ఖర్చుల పద్దులో మరో వరుస. బ్యాంకు అప్పు కట్టలేని రైతు ఇంటికి నోటీసు పంపి పరువు తీసే ఈ వ్యవస్థ, కాలువలో విషం కలిపినవాడి చేతికి రసీదు ఇచ్చి పంపిస్తుందన్న మాట.

నీటి చట్టం సవరణలో రాష్ట్రాల పాత్ర ఉంది. రాజ్యాంగం 252వ అధికరణ కింద వచ్చిన చట్టం కాబట్టి అది ఒక రాష్ట్రంలో అమలు కావాలంటే ఆ రాష్ట్ర శాసనసభ తీర్మానం చేయాలి. ఒకసారి తీర్మానం చేశాక శాసనసభ తన ఇష్టప్రకారం దాన్ని మార్చుకోలేదు, మళ్లీ పార్లమెంటే మార్చాలి. అంటే అరగంటలో చేతులెత్తి చేసే తీర్మానం తరాల పాటు మెడకు చుట్టుకుంటుంది. మీ ఎమ్మెల్యే ఎదురుపడితే అడగండి: ఈ సవరణ మీద సభలో మీరు ఏం మాట్లాడారు, ఏం మాట్లాడబోతున్నారు?

తొందరకు ఫలితాలు చూశాం

హడావుడి చట్టం ఎలా ఉంటుందో రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో ఓటింగు అడిగినా ఇవ్వకుండా మూజువాణి ఓటుతో సాగు బిల్లులు ఆమోదించారు. ఏడాది పాటు రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో ఎండకు ఎండి చలికి వణికి పోరాడితే, 2021 నవంబరు 29న వాటిని రద్దు చేశారు. ఆ రద్దు బిల్లు మీద కూడా చర్చ పెట్టలేదు! మన దగ్గర భూహక్కుల చట్టమూ అలాగే వచ్చింది, జనం తిరగబడ్డాక 2024లో రద్దయింది.

ఇది మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో 2012లో ఫ్రాకింగ్‌కు దారి తెరిచే బిల్లును గవర్నరు తిప్పి పంపారు. మరుసటి రోజు అర్ధరాత్రి దగ్గరపడుతుండగా సభలో మళ్లీ ఓటింగ్ పెట్టారు. ఫ్రాకింగ్‌ను వ్యతిరేకించే ఒక సభ్యురాలు అలసటలో తప్పు బటన్ నొక్కారు. సరిదిద్దుకుంటానని వేడుకున్నా, ఫలితం మారిపోతుంది కాబట్టి నిబంధనలు ఒప్పుకోవన్నారు. 72-47 ఓట్లతో, సరిగ్గా కావలసినన్ని ఓట్లతో, ఒక రాష్ట్రపు నేల భవిష్యత్తు ఒక్క బటన్ మీద తేలిపోయింది. రెండేళ్ల తరువాత అక్కడే ఇంకో చట్టం తెచ్చి, కంపెనీలు గోప్యంగా ఇచ్చిన ఫ్రాకింగ్ రసాయనాల వివరాలు బయటపెట్టడాన్ని నేరం చేశారు. దానికి భిన్నంగా న్యూయార్క్ రాష్ట్రం ఏళ్ల తరబడి ఆరోగ్య ప్రభావాలను పరిశీలించి 2014 డిసెంబరులో ఫ్రాకింగ్‌ను అనుమతించేది లేదని ప్రకటించింది. ఫ్రాన్స్ 2011లోనే చట్టం చేసి ఆపేసింది. తొందరపడినవాళ్లు ఒకవైపు వెళ్లారు, ఆగి చూసినవాళ్లు మరోవైపు వెళ్లారు.

"ఇప్పటివరకు తవ్విన షేల్ బావుల్లో పెద్దగా గ్యాస్ పడలేదు కదా, మరి మీకెందుకు భయం?" అని కొందరు అడుగుతున్నారు. నిజమే, ఆశించినంత రాలేదు. గ్యాస్ ధర పెరిగినా, కొత్త యంత్రం వచ్చినా రేపు వచ్చి తవ్వుతారు. ఆ రోజుకు కావలసిన చట్టాలు మాత్రం ఈ రోజే సిద్ధంగా ఉన్నాయి. ఏరు రాకముందే గట్టు కట్టుకోవాలి, వచ్చాక కాదు.

కోనసీమ మరిచిపోదు

1995 జనవరి 8న పాశర్లపూడి బావి బ్లో అవుట్ అయింది. 65 రోజులు మండింది. రాత్రీ పగలూ తేడా తెలియని ఆ వెలుగును, ఆ హోరును, ఖాళీ చేసిన ఊళ్లను నలభై దాటిన కోనసీమ వాసులెవరూ మరిచిపోలేరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. నిద్రలోంచి లేవనివాళ్లు కొందరు, టీ కొట్టు దగ్గరికి వచ్చినవాళ్లు కొందరు. తడి ఉన్న గ్యాస్ వెళ్లి వెళ్లి పైపు లోపల తుప్పు పట్టిందని తేలింది. 2020 మే 27న అస్సాంలోని బాగ్‌జాన్‌లో ఆయిల్ ఇండియా బావి బ్లో అవుట్ అయి, జూన్‌లో మంటలంటుకుని, నవంబరు వరకు లొంగలేదు. ఆ పక్కనే ఉన్న మాగురి బీల్ చెరువు మీద బతికే జాలరుల బతుకులు బుగ్గయ్యాయి.

ఇవి ఫ్రాకింగ్ ప్రమాదాలు కావు, మామూలు బావులు, మామూలు పైపులు. నిబంధనలు కాస్త గట్టిగా ఉన్న రోజుల్లోనే ఇన్ని జరిగాయి. నిబంధనలు సడలించాక తగ్గుతాయని ఏ ఇంజనీరు హామీ ఇస్తాడు?

ప్రమాదం జరగకపోయినా నష్టపోయేది రైతే. పైప్‌లైన్ సంగతే తీసుకోండి. 1962 నాటి చట్టం ప్రకారం పైపు వేసిన స్ట్రిప్‌లో భూమి పేరు మనదే, పాస్‌బుక్కు మనదే. కానీ అందులో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరి తోటలో చెట్టు నాటకూడదంటే ఇంకేం మిగిలింది? వాడుకునే హక్కు తీసుకున్నందుకు ఇచ్చేది భూమి విలువలో 10 శాతం, పైగా పంటకు, చెట్లకు నష్టపరిహారం. అభ్యంతరం చెప్పడానికి గెజిట్ ప్రకటన వచ్చాక 21 రోజుల గడువు. ఎంతమంది రైతులు రోజూ గెజిట్ చదువుతున్నారు?

ఇక కౌలు రైతుకు అదీ లేదు. డెల్టాలో దుక్కి దున్నేది, నాట్లు వేయించేది, అప్పు చేసేది ఎక్కువగా కౌలుదారే. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం పెట్టేవాళ్లు ఎంతమందో మనకు తెలుసు. రిగ్గుకు స్థలం లీజుకిచ్చిన యజమానికి హైదరాబాద్‌లో ఉన్నా డబ్బు ముడుతుంది. అక్కడ చేను పోగొట్టుకున్న కౌలుదారు పేరు ఏ కాగితంలోనూ ఉండదు. పక్క చేలో ఉప్పు తేలిన రైతుకూ అంతే.

తమిళ రైతులు ఏం సాధించారు?

చేయాలనుకుంటే రాష్ట్రం చేయలేనిది కాదు. నెడువాసల్‌లో హైడ్రోకార్బన్ ప్రాజెక్టుకు వ్యతిరేకంగా 2017లో మొదలైన పోరాటం కావేరీ డెల్టా అంతా పాకింది. చివరికి 2020 ఫిబ్రవరి 20న తమిళనాడు శాసనసభ కావేరీ డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటించే చట్టం చేసింది. తంజావూరు, తిరువారూరు, నాగపట్నం జిల్లాల్లోనూ, కడలూరు, పుదుక్కోట్టైలోని కొన్ని ప్రాంతాల్లోనూ కొత్త చమురు, గ్యాస్ తవ్వకాలకు అడ్డుకట్ట వేసింది.

అయితే ఆ మంచి చట్టాన్ని కూడా సభలో పెట్టిన రోజే ఆమోదించేశారు. ఫలితంగా తిరుచ్చి, కరూరు, అరియలూరు జిల్లాలు అందులోకి రాలేదు. అప్పటికే నడుస్తున్న ప్రాజెక్టులను ముట్టుకోలేదు. మనకు మేలు చేసే చట్టంలో కూడా తొందర కంతలు పెడుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మనం అడిగే చట్టం ఊరూరా చర్చించి చేసేది కావాలి.

"ఆలస్యం అమృతం విషం" అని మంత్రులు సామెత చెబుతుంటారు. నిదానమే ప్రధానమని మనమూ చెప్పగలం. చెడ్డ విత్తనం తొందరగా చల్లితే ఒక పంట పోతుంది. చెడ్డ చట్టం తొందరగా చేస్తే నేలే పోతుంది.

మన డిమాండ్లు

1. చమురు, గ్యాస్ అన్వేషణకు 2020 జనవరిలో ఇచ్చిన మినహాయింపును రద్దు చేయాలి. అన్వేషణ బావికి కూడా పర్యావరణ ప్రభావ అంచనా, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి.

2. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఫ్రాకింగ్‌కు రాష్ట్ర ప్రభుత్వం, కాలుష్య నియంత్రణ మండలి ఎటువంటి సమ్మతీ ఇవ్వకూడదు. డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ, గ్రామసభల్లో చర్చించిన తరువాత చట్టం చేయాలి.

3. నీరు, నేల, పర్యావరణానికి సంబంధించిన ప్రతి బిల్లునూ, తీర్మానాన్నీ సభలో పెట్టడానికి కనీసం రెండు నెలల ముందు తెలుగులో ప్రచురించాలి.

4. ప్రతి బావి దగ్గర వాడే రసాయనాల జాబితా, వ్యర్థ జలాలు ఎక్కడికి పోతున్నాయన్న లెక్క పంచాయతీ నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి. తవ్వకానికి ముందూ తరువాతా చుట్టుపక్కల బావుల నీటిని పరీక్షించి ఫలితాలు చెప్పాలి.

5. యజమాని సంతకంతో పని లేకుండా, సాగు చేస్తున్న కౌలు రైతుకు పంట నష్టపరిహారం నేరుగా ఇవ్వాలి.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! వచ్చే గ్రామసభలో ఈ డిమాండ్లను తీర్మానంగా పెట్టించండి. తీర్మానం నకలు మీద పంచాయతీ కార్యదర్శి సంతకం, ముద్ర తీసుకుని ఒకటి కలెక్టరుకు, ఒకటి మన సంఘం జిల్లా కార్యాలయానికి పంపండి. సర్వే అంటూ ఎవరైనా మీ చేలోకి వస్తే గొడవ పడకండి. ఏ కంపెనీ, ఏ ఉత్తర్వు, ఏ తేదీ అని అడిగి కాగితం చూపించమనండి, ఫొటో తీసుకోండి, ఆ సాయంత్రమే మండల కమిటీకి చెప్పండి. "ఎవరు బాబూ మీరు? ఎందుకిది?" అన్న ప్రశ్నను మనం ఒక్కొక్కరం గట్టు మీద అడిగితే మేకు పక్క చేలోకి మారుతుంది. ఊరంతా కలిసి అడిగితే మేకు పాతినవాడే దాన్ని పీక్కుని పోతాడు.